మారీ వాళ్లింటికి ఎవరు వెళ్లారు?

ఆష్లీ లైల్ గారికి, బార్ట్ నికర్సన్ గారికి,



మీ ‘ఎల్లోజాకెట్స్’ సీరియల్‌లో మారీ అనే అమ్మాయి గురించి ఈ ఉత్తరం. షానా గురించి కాదు, నటలీ గురించి కాదు, లాటీ గురించి అసలే కాదు. వాళ్ల గురించి రాసేవాళ్లు మీకు ఊరూరా ఉన్నారు. మారీ గురించి కూడా 2025 ఏప్రిల్‌లో కొన్నాళ్లు అందరూ మాట్లాడుకుని, తర్వాత ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. నాకు మాత్రం ఆ పిల్ల విషయంలో మీతో ఒక లెక్క తేలలేదు.

ఇది బహిరంగ లేఖ కాబట్టి మీ సీరియల్ చూడని తెలుగువాళ్లూ చదువుతారు. వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి అసలు సంగతికి వస్తాను, కాస్త ఓపిక పట్టండి. చూద్దామనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడితో ఆపేసుకోవడం మంచిది. నేను ఏదీ దాచబోవడం లేదు.

సంవత్సరం 1996. న్యూజెర్సీ రాష్ట్రంలో విస్కయోక్ అనే ఊరు. రాష్ట్రం నిజం, ఊరు కల్పితం. ఆ ఊరి హైస్కూలు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టే ఎల్లోజాకెట్స్. రాష్ట్రంలో గెలిచి, జాతీయ పోటీలకని సియాటిల్ బయల్దేరారు. లాటీ వాళ్ల నాన్న బాగా ఉన్నవాడు కాబట్టి ప్రత్యేకంగా విమానం మాట్లాడాడు. అది కెనడా అడవుల్లో కూలింది. మిగిలినవాళ్లు 19 నెలలు అక్కడే ఉండిపోయారు. తిండి అయిపోయింది. మొదట, చనిపోయిన స్నేహితురాలు జాకీని తిన్నారు. తర్వాత తినడానికే ఒకళ్లని ఎంచుకోవడం మొదలుపెట్టారు. బతికి బయటపడ్డవాళ్లు పాతికేళ్ల తర్వాత, నడివయసులో, ఆ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని ఎలా సంసారాలు చేస్తున్నారన్నది దీని పక్కనే నడిచే రెండో కథ.

(మధ్యలో ఓ మాట. అమెరికాలో హైస్కూలు ఫుట్‌బాల్ రాష్ట్రస్థాయితో సరి. జాతీయ చాంపియన్‌షిప్ అంటూ ఒకటి లేదు. అంటే ఆ పిల్లలకి ఆ విమానం ఎక్కాల్సిన పనే లేదు, మీరే ఎక్కించారు. దీని మీద నాకేం తగాదా లేదు. విమానం కూలకపోతే కథే లేదు కదా.)

ఇక 2021 నవంబరు 14న ప్రసారమైన మీ మొదటి భాగం, అందులోనూ మొట్టమొదటి దృశ్యం. దాన్ని కరిన్ కుసామా గారు తీశారు. చుట్టూ మంచు. పల్చటి తెల్ల గౌనులో ఒక పిల్ల పరుగెడుతోంది, కాళ్లకి చెప్పుల్లేవు. నల్లటి జుట్టు మొహం మీద పడుతోంది. మెడలో గుండె ఆకారం లాకెట్. వెనకాల చెట్లలోంచి పక్షి కూతల్లాంటి అరుపులు. అవి మనుషుల గొంతులని చూసేవాళ్లకి ఒక క్షణం ఆలస్యంగా తెలుస్తుంది. కాలి కింద నేల ఒక్కసారిగా కూలిపోయింది. గోతి నిండా చెక్కిన కర్రలు, మొనలు పైకి పెట్టి పాతినవి. తర్వాత ఆ పిల్లని కాళ్లకి తాడు కట్టి తలకిందులుగా వేలాడదీశారు. రక్తం మంచులోకి కారింది. ఆ తర్వాత తోళ్లు కప్పుకుని, మొహాలకి ముసుగులేసుకున్నవాళ్లు మంట చుట్టూ కూచుని తిన్నారు.

ఆ పిల్ల మొహం మాత్రం మీరు సరిగ్గా చూపించలేదు.

చూపించకపోవడంతో మేమందరం మూడు సీజన్ల పాటు పందాలు కాశాం. జాకీ అన్నవాళ్లున్నారు, లాటీ అన్నవాళ్లున్నారు. మారీ అన్నవాళ్లూ మొదటినుంచీ ఉన్నారు, జుట్టుని బట్టి. ఆ పిల్లకి ‘గోతిలో పిల్ల’ అని పేరు కూడా స్థిరపడింది. ఒక మనిషి చావు పొడుపుకథ అయింది. చూసేవాళ్ల సరదా చూసేవాళ్లది, దానికి మిమ్మల్ని తప్పుపట్టను. అయితే చావు ముందు చూపించి పేరు తర్వాత చెప్పడమన్నది మీరు చేసిన ఏర్పాటు. అందులోంచి వచ్చిన ఇబ్బందే నేనిప్పుడు చెప్పబోయేది.

మారీ ఎలాంటిది? నోటి దురుసు పిల్ల. అందరూ మనసులో అనుకునే మాట తను పైకి అనేస్తుంది, అదీ అనకూడని సమయంలో. జట్టులో వాన్ గోల్‌కీపర్ అని, జాకీ కెప్టెన్ అని చూసినవాళ్లెవరైనా చెబుతారు. మారీ ఏ స్థానంలో ఆడేదని అడగండి, తడుముకుంటారు. రెండో సీజన్‌లో ఆ పిల్లకి ఎక్కడినుంచో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది, ఇంకెవరికీ వినిపించదు. ఆ చప్పుడు ఏమిటని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అదే లాటీకి వినిపించి ఉంటే దాని చుట్టూ ఒక మతమే పుట్టేది.

మూడో సీజన్‌కి వచ్చేసరికి మారీ మీద మీ చూపు పడింది. మొదటి భాగమే మారీని అడవిలో తరుముతున్న దృశ్యంతో మొదలుపెట్టారు. గుండె గొంతులోకి వచ్చింది, తీరా చూస్తే అదొక ఆట! తర్వాత షానాతో గొడవపడి వెళ్లిపోతూ ఓ గోతిలో పడింది. మోకాలు తప్పింది, ప్రాణం పోలేదు. కోచ్ బెన్ స్కాట్ బయటికి తీసి, మోకాలు సరిచేసి, గుహలో పెట్టాడు. ఆ గుహలో వాళ్లిద్దరి మాటలు మీ సీరియల్‌లోని మంచి ఘట్టాల్లో ఒకటి. ఒకరికొకరు కిట్టని ఇద్దరు మనుషులు, మాట్లాడుకోవడానికి ఇంకెవరూ లేక మాట్లాడుకోవడం. మారీ లోపల ఏముందో మొదటిసారి కాస్త తెలిసింది. ఇదంతా దేనికి ముస్తాబు చేస్తున్నారో అప్పటికే అర్థమైపోయింది. మా సినిమాల్లో హీరో స్నేహితుడు ఉన్నట్టుండి తన పెళ్లి కుదిరిందని చెప్పాడంటే హాల్లో ప్రతివాడికీ తెలిసిపోతుంది, వీడు ఇంటర్వెల్ దాటడని.

దాటలేదు. ‘ఫుల్ సర్కిల్’ అని పేరు పెట్టిన చివరి భాగంలో పేకముక్కలు తీయించారు. రాణి ముక్క ఎవరికొస్తే వాళ్ల వంతు. అడవే ఎంచుకుంటుంది, మనుషుల చేతుల్లో ఏం లేదని ఆ పిల్లలు తమని తాము నమ్మించుకున్న పద్ధతి అది. ఈసారి ముక్క బయటినుంచి అడవికి వచ్చిన హానా అనే ఆమెకి పడేలా కొందరు ముందే పేర్చిపెట్టారు. షానా పసిగట్టి చివరి నిమిషంలో వరస మార్చింది. ముక్క మారీకి వచ్చింది. ఆ మొదటి దృశ్యంలో చూసిన లాకెట్, జాకీది, మెడలో వేసి పరుగెత్తమన్నారు. అదే సమయంలో నటలీ రహస్యంగా కొండెక్కి, బాగుచేసిన శాటిలైట్ ఫోన్‌లో ఎవరన్నా పలుకుతారా అని అరుస్తోంది. అవతల ఒక గొంతు పలికింది కూడా.

చాలా బాగా తీశారు. నిజంగానే చెబుతున్నాను. దేవుడు లేడు, అడవి లేదు, షానా చెయ్యి ఉంది అని ఒక్క వరస మార్పుతో తేల్చేశారు. నా ఫిర్యాదు మారీని చంపారని కాదు.

మీ సీరియల్‌లో ఎవరు ముఖ్యం, ఎవరు కాదు అన్నది ఎలా తేలుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. డైలాగుల లెక్కతో తేలదు. చనిపోవడంతోనూ తేలదు, జాకీ మొదటి సీజన్‌లోనే పోయింది, ఇప్పటికీ ముఖ్యురాలే. ఆ పిల్లకి నలభై ఏళ్ల రూపం ఉందా, లేకపోతే కనీసం విమానం ఎక్కకముందు ఒక ఇల్లు ఉందా? ఈ రెంటిలో ఒకటి ఉంటే ముఖ్యం. షానాకి నడివయసు రూపంగా మెలనీ లిన్స్‌కీ, మిస్టీ అనే ఇంకో అమ్మాయికి క్రిస్టీనా రిచ్చీ ఉన్నారు. నటలీకి తుపాకీ పట్టుకున్న తండ్రి ఉన్నాడు. మొదటి సీజన్ ఎనిమిదో భాగంలోనే పోయిన లారా లీకి కూడా చిన్నప్పటి ఈతకొలను ఒకటి ఇచ్చారు, ఆ పిల్ల భక్తి ఎక్కడ పుట్టిందో మాకు తెలియాలని. మారీకి ఈ రెండూ లేవు. 1996కి ముందు ఆ పిల్ల లేదు, తర్వాతా లేదు. అడవిలో పుట్టి అడవిలో పోయింది.

మిగతావాళ్ల సంగతీ చూడండి. అకీలా పాత్రలో మొదటి సీజన్‌లో కీయా కింగ్, రెండో సీజన్ నుంచి నియా సోండాయా. నటులు మారడం మామూలే, ఎవరి కారణాలు వాళ్లకుంటాయి. కానీ షానా మొహం మారితే ఊరుకునేవాళ్లమా? మెలిస్సా వెనక్కి తిప్పిన టోపీతో వెనకాల తిరిగే పిల్ల. ఆ పిల్లకి మూడో సీజన్‌లో ఉన్నట్టుండి భవిష్యత్తు దొరికింది. హిలరీ స్వాంక్ వచ్చి నిలబడింది, రెండు ఆస్కార్లున్న నటి! నిన్నటిదాకా వెనక వరసలో ఉన్న పిల్లకి పెళ్లి, ఇల్లు, దాచుకున్న పేరు అన్నీ ఒక్కసారే వచ్చాయి. మెలిస్సా, మారీ ఒకే బెంచి మీద కూచున్నవాళ్లు. ఒకరికి ఆస్కార్ నటి, ఇంకొకరికి గొయ్యి. పేక తిప్పింది షానా ఒక్కతే కాదని నాకు అప్పుడే అనిపించింది.

అందరిలోకీ విచిత్రమైన అదృష్టం ఆల్లీది. మొదటి భాగంలో జట్టులోకి కొత్తగా వచ్చిన చిన్నపిల్ల. ఆటలో వెనకబడుతోందని, పెద్ద పోటీలో ముంచుతుందని జట్టులోని టైసా అనే అమ్మాయి భయం. ప్రాక్టీసులో కావాలనే గట్టిగా అడ్డుపడింది, ఆల్లీ కాలు విరిగి ఎముక బయటికొచ్చింది. ఆ పిల్ల విమానం ఎక్కలేదు. పాతికేళ్ల తర్వాత పాత విద్యార్థుల కలయికలో మైకు పట్టుకుని హడావిడి చేస్తుంటే ఆమెని చూసి మీరు నవ్వించారు. మాకూ నవ్వొచ్చింది. ఇందులో నా సొంత సంగతీ ఒకటుంది: నేను మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఖోఖో జట్టులో ఎక్స్‌ట్రాని. పన్నెండు మందిని తీసుకెళితే తొమ్మిది మంది దిగుతారు, మిగతా ముగ్గురం నీళ్ల క్యాను, చెప్పులు, మా పి.ఇ.టి. సారు సంచీ కాపలా. ఆల్లీ విషయంలో నాకు నవ్వుతోపాటు కొంచెం గర్వం కూడా కలిగిందని ఒప్పుకోవాలి.

ఆటలో అయితే ఎక్స్‌ట్రా ఎప్పటికీ ఎక్స్‌ట్రాగానే ఉండాలని లేదు. మీ పిల్లలు అడవిలో ఉన్న 1996లోనే, ఆగస్టు 1న, జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో ఒలింపిక్స్ ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి ఫుట్‌బాల్ పెట్టడం అదే మొదటిసారి. 76 వేల మంది వచ్చారు. అమెరికా 2-1తో చైనాని ఓడించింది. అందులో మొదటి గోల్ షానన్ మెక్‌మిలన్‌ది. అంతకుముందు నార్వేతో సెమీఫైనల్‌ని గోల్డెన్ గోల్‌తో గెలిపించిందీ ఆమే. అంతకు కొన్ని నెలల ముందు అదే జట్టు ఆమెని వద్దని పక్కన పెట్టింది. కాంట్రాక్టు గొడవలో సీనియర్లు కొందరు బయట ఉండిపోతే మళ్లీ పిలిచారు. మారీ, వాన్, అకీలా ఆ మ్యాచ్ చూసి ఉంటే ఎగిరి గంతేసేవాళ్లు. ఆ సమయానికి వాళ్లకి ఫుట్‌బాల్ ఎక్కడుంది?

మైదానంలో బంతి ఎవరి కాలి దగ్గరికన్నా రావచ్చు. కథలో మాత్రం మీరు పంపితేనే వస్తుంది. అందుకే ఈ ఉత్తరం మీకు.

మీ పేకముక్కల తంతు చూసినప్పుడు తెలుగువాళ్లకి ఏకచక్రపురం గుర్తుకు రాకుండా ఉండదు. మహాభారతంలో కథ. ఊరి పొలిమేరలో బకుడనే రాక్షసుడు. రోజుకో ఇంటి వంతు, బండెడు అన్నం, రెండు దున్నలు, వాటిని తోలుకెళ్లే మనిషి, అన్నీ వాడికే. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి వంతు వస్తుంది. నేను పోతానంటే నేను పోతానని తండ్రి, తల్లి, కూతురు ఏడుస్తారు. మాటలు కూడా సరిగ్గా రాని పిల్లాడు గడ్డిపరక పట్టుకొచ్చి దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. ఏడుస్తున్నవాళ్లకి కూడా నవ్వొస్తుంది. లోపలినుంచి వింటున్న కుంతి భీముణ్ణి పంపుతుంది. చిన్నప్పుడు ఈ కథ విన్న ప్రతివాళ్లూ భీముడు ఆ అన్నం తానే తినేశాడని చెప్పుకుని మురుస్తారు. నాకు మాత్రం నిన్న ఎవరి వంతు అన్న అనుమానం ఉండేది. భీముడు రావడానికి ముందురోజు బండి తోలుకెళ్లినవాడు ఏ ఇంటివాడు? వాడి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు? మా అమ్మమ్మని అడిగితే, కథ అడ్డం తిప్పకు, పడుకో అంది.

మారీది ఆ ముందురోజు వంతు. కొండ మీద ఫోన్ పలికింది, భీముడు బయల్దేరాడు. ఒక్క పూట ఆలస్యం. మీరు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించారంటే ఆ ఆలస్యం విలువ మీకు తెలుసు. అలాంటప్పుడు ఆ ఇంటి మాటలు కూడా మాకు వినిపించాలి కదా.

మీ కథ వెనక ఉన్న నిజం కథల్లో ఆండీస్ ప్రమాదం ఒకటని అందరికీ తెలిసిందే. 1972 అక్టోబరు 13న ఉరుగ్వే రగ్బీ జట్టు కుర్రాళ్లతో వెళుతున్న విమానం కొండల్లో కూలింది. 45 మంది ఎక్కితే, 72 రోజుల తర్వాత 16 మంది బతికి వచ్చారు. వాళ్లూ తినాల్సి వచ్చింది. నేను పోతే నా శరీరం తీసుకోండని ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. దాని మీద 2023లో హువాన్ ఆంటోనియో బయోనా తీసిన ‘సొసైటీ ఆఫ్ ద స్నో’లో కథ చెప్పేది నూమా టుర్కాట్టి. జట్టులో ఆటగాడు కాదు, స్నేహితుల వెంట వచ్చినవాడు. బతికి రానివాడు. సినిమా అంతా వాడి గొంతులో వింటూ ఉంటే, వాడు పోయాక కూడా ఆ గొంతే కథ చెబుతుంటే, మాకు ఊపిరాడలేదు. ఎవరు పోయినా పేరు, వయసు తెర మీద పడుతుంది. పేరు వేయడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?

అది నిజంగా జరిగింది, మాది కల్పన అంటారేమో. ఆ తల్లిదండ్రులు చూస్తారని బయోనాకి భయం ఉంటుంది, మారీ తల్లిదండ్రులు ఎక్కడున్నారు అంటారేమో. సరిగ్గా నేనడుగుతున్నదీ అదే. ఎక్కడున్నారు?

నాలుగో సీజన్‌తో ముగిస్తామని చెప్పారు. అంటే ఆ పిల్లలు అడవిలోంచి బయటికి రావాలి, ఊళ్లోకి రావాలి. పెద్దయ్యాక వాళ్లు చెప్పే అబద్ధం మాకు మొదటి భాగంలోనే తెలుసు. ఆకలితో ఉన్నాం, దొరికింది ఏరుకు తిన్నాం, ప్రార్థన చేశాం, అంతే అని. విలేకరికి ఆ ముక్క చెప్పడం తేలిక. టైసా ఎన్నికల్లో నిలబడి కూడా తడబడకుండా చెప్పింది. విస్కయోక్ చిన్న ఊరు. పచారీ కొట్లో, చర్చిలో, స్కూలు గేటు దగ్గర మారీ వాళ్లమ్మ కనబడుతుంది. ఆవిడకి ఏం చెప్పారు? జబ్బు చేసిందని చెప్పారా, చలికి తట్టుకోలేకపోయిందని చెప్పారా? ఎవరు చెప్పారు? శవం ఏదని ఆవిడ అడిగితే ఎవరు నోరు విప్పారు?

నాకు మారీ చిన్నప్పటి తీపి జ్ఞాపకాలు అక్కర్లేదు. బంగారు తల్లిని చేసి చూపించకండి. ఆ పిల్ల నోరు మంచిది కాదు, దాన్ని అలాగే ఉంచండి. కూతురి నోటి దురుసు గురించి వాళ్లమ్మకి అందరికంటే బాగా తెలిసి ఉంటుంది. ఎవరితోనో గొడవ పెట్టుకునే ఉంటుంది, నాకు తెలుసు అని ఆవిడే అనాలి. చివరిదాకా ఎవరున్నారు దాని దగ్గర అని అడగాలి. ఆ సోఫాలో షానా కూచోవాలి, పక్కన ఇంకెవరూ ఉండకూడదు. అక్కడ షానా ఏం చెబుతుందో రాయడం మీకు కష్టం కాదు. మూడు సీజన్లుగా మీరు రాస్తున్నదంతా దానికి సాధన లాగే ఉంది.

ఆ తల్లి పాత్రకి పేరున్న నటి కూడా అవసరం లేదు. రెండు మూడు నిమిషాల నిడివి చాలు. ఒకవేళ ఈ ఉత్తరం మీకు చేరేసరికి రాయడం, తీయడం అన్నీ అయిపోయి ఉంటే, ఎడిటింగ్‌లో నిడివి ఎక్కువైందని తీసేసినవాటిలో ఇలాంటిదేమన్నా ఉందేమో ఒకసారి వెతికించండి.

ఇట్లు,
మీ సీరియల్ మూడు సీజన్లూ చూసిన ఒక తెలుగు ప్రేక్షకురాలు